అసలు, వడ్డీ

నవంబరు ఆదివారం. దులూత్‌లో
సరస్సు కనబడనంత పొగమంచు.
ఎక్కడో ఇనుపఖనిజం ఓడ ఒకటి
దారి ఇమ్మని వంతెనని అడుగుతోంది.

లూథరన్ చర్చి నేలమాళిగలో కార్డుల సంత.
మడతబల్లల మీద గాజుపెట్టెలు,
వాటిలో ప్లాస్టిక్ పలకలు,
పలకల మధ్య ఊపిరాడకుండా
నూరేళ్ల కిందటి బేస్‌బాల్ కుర్రాళ్లు.
ఒక్కొక్కడి నెత్తిమీదా ఒక మార్కు:
నాలుగు, ఆరు, ఏడున్నర.
కొట్టిన బంతులకు కాదు,
మూల నలగనందుకు.

"ఏం చూపించను?" అన్నాడు క్రూచెక్,
చేతులకు తెల్లటి తొడుగులు.
"బల్ల కింద, ఆ చెప్పుల డబ్బాలో రీప్రింట్ సెట్టు."
విందుకొచ్చి గంజి అడిగినవాణ్ణి
చూసినట్టు చూశాడు.
"అవి నకళ్లు. రేపు అమ్మబోతే సెంటు రాదు."
"అమ్మను."
"మరెందుకూ?"

నలభై ఏళ్లు లిఫ్టుల తీగలకు గ్రీజు రాసినవాణ్ణి.
నా వేళ్లు చూపించాను.
అంతకంటే మంచి జవాబు నాకు రాదు.

పద్దెనిమిది డాలర్లు. నూట ఇరవై మంది.
వంటింటి బల్ల మీద పరిచాను,
కాఫీ కప్పు పక్కనే. అవును, పక్కనే.
క్యాచర్ డచ్ ఓల్మన్ మీసం మీద
బ్రెడ్డుముక్క పొడి రాలితే ఊదేశాను.
ఫెర్రిస్ టటిల్ వెనకాల ఆకాశం నారింజరంగు.
ఏ ఊళ్లో చూశాడో ఆ బొమ్మలాయన!
తిప్పితే సిగరెట్ల ప్రకటన,
దానికింద, చీమ రాసినంత అక్షరాల్లో,
పునర్ముద్రణ.

అసలు ఏనాడూ నా చేతికి రాలేదు.
వడ్డీ మాత్రం
రోజూ తింటున్నాను.

పక్కింటి మరిట్‌కి ఎనిమిదేళ్లు.
బడి వదలగానే తలుపు కొడుతుంది, చేతులకు జామ్‌తో.
గోడకి ఎవరి కార్డు దగ్గరగా పడితే
వాళ్లదే రెండోది.
నెలలో ముప్పైమందిని ఓడిపోయాను.
ఓల్మన్ పోయాడు. టటిల్ పోయి, తిరిగొచ్చాడు
మీసానికి ఊదారంగు పూయించుకుని.

అన్నట్టు, నూట ఇరవై కాదు. నూటపంతొమ్మిది.
అరవై ఒకటో నంబరు లేదు.
ఆ ఆటగాడి వారసులు ఒప్పుకోలేదని
డబ్బాలో చీటీ.
అరవై తర్వాత అరవైరెండు,
పాత భవనాల్లో పన్నెండు తర్వాత
పద్నాలుగు బటన్ ఉన్నట్టు.
నాకు తెలుసు కదా, పద్నాలుగులో ఉన్నవాళ్లందరూ
పదమూడులోనే నిద్రపోతారు.

మేనత్త ఐలి ఫోటో ఒకటి దొరికింది.
యుద్ధం రోజుల్లో ఓడల కార్ఖానా ఆడవాళ్ల జట్టు,
సెకండ్ బేస్ దగ్గర తలగుడ్డతో,
ఎండకి ఒక కన్ను మూసి.
నకలు తీయించి
ఓట్స్ అట్టపెట్టె కత్తిరించి అంటించాను.
ఆకాశానికి నారింజ పూశాను.
వెనక రాశాను:
ఎత్తు, మా నాన్నకంటే అంగుళం ఎక్కువ. ఆయన ఒప్పుకోలేదు.
కుడిచేతి వాటం. తిట్టేటప్పుడు రెండూ.
బ్యాటింగ్ సగటు: ఎవరూ రాసిపెట్టలేదు.

అడుగున చిన్నక్షరాల చోటు దగ్గర
కలం ఆగింది.
దేనికి ఇది పునర్ముద్రణ?
ఐలీని ఎవరు, ఎప్పుడు అచ్చువేశారు?
ఖాళీ వదిలేశాను.
డెబ్బై రెండేళ్లలో నా దగ్గర చేరిన
మొదటి అసలు.

గురువారం మరిట్ చేతిలో టటిల్.
"నువ్వు ఆమెని పెట్టు" అంది.
గాజుపెట్టెలు గుర్తొచ్చాయి, తెల్ల తొడుగులు గుర్తొచ్చాయి.
పెట్టాను.
ఐలి గాల్లో రెండుసార్లు తిరిగి
గోడకి జానెడు ఇవతల ఆగిపోయింది.
టటిల్ గోడని తాకాడు.

అత్త ఇప్పుడు పక్కింట్లో ఉంటోంది.
అక్కడ కుక్క ఉంది, జామ్ ఉంది.

ఇవాళ ఇంకో ఓట్స్ పెట్టె ఖాళీ అయింది.
కత్తెర తీశాను.
ఈసారి మరిచిపోకూడదు,
వెనక, అడుగున, చీమంత అక్షరాల్లో:
పునర్ముద్రణ.